అంతులేని పద్దు, అంతుగల మొత్తం

ఒక షావుకారుకు ఇద్దరు బాకీదారులు ఉన్నారనుకొనవలెను. మొదటివాడు ఇవ్వవలసినది రెండు రూపాయలు, రెండవవాడు ఇవ్వవలసినది పది రూపాయలు. వడ్డీ మాట ఇద్దరి విషయంలోను లేదు. కథకోసం షావుకారు అంతటి ఉదారుడని ఒప్పుకొనక తప్పదు.

మొదటివాడు వచ్చి, “అయ్యా! ఈ ఏడు ఒక రూపాయి జమకట్టుకోండి. వచ్చే ఏడు అర్ధరూపాయి ఇస్తాను. ఆ పై ఏడు పావలా, ఆ పై ఏడు బేడ, అటు తరువాత అణా. ఇట్లా ఏటేటా ముందటి ఏటిలో సగం తప్పకుండా చెల్లిస్తాను. నేను పోయినా నా బిడ్డలు చెల్లిస్తారు” అన్నాడు. రెండవవాడు కూడ చేతులు జోడించి, “షావుకారుగారూ! ఈ ఏడు రూపాయి, వచ్చే ఏడు రూపాయిలో సగం, మూడవ ఏట మూడోవంతు, నాలుగవ ఏట నాలుగోవంతు, నూరవ ఏట నూరోవంతు చెల్లిస్తాం. మా వంశం ఉన్నంతకాలం ఈ వాయిదా తప్పదు” అన్నాడు.

పక్కన కూర్చున్న గుమాస్తా ఇద్దరి మాటలూ విని, “రెండూ ఒకటే బాపతు. ఏటేటా తరిగిపోయే జమలు. వీళ్ల బాకీలు ఎన్నటికీ తీరవు” అని ఆవర్జా మూసివేసినాడు.

గుమాస్తా మాటలో సగం నిజం, సగం పొరపాటు. మొదటివాని బాకీ నిజంగానే ఎన్నటికీ తీరదు. మొదటి ఏటి చివర రూపాయి, రెండవ ఏటి చివర రూపాయిన్నర, మూడవ ఏటికి రూపాయి ముప్పావలా. ప్రతి ఏడు మిగిలిన బాకీలో సరిగా సగం తీరుతుంది, సగం మిగులుతుంది. వెయ్యి తరాలు గడచినా రెండు రూపాయలకు ఒక వెంట్రుకవాసి తక్కువే. రెండవవాని సంగతి వేరు. వాడు పది రూపాయలూ చెల్లిస్తాడు. తీరే సంవత్సరం కూడ లెక్కకట్టి చెప్పవచ్చును: 12,367వ సంవత్సరం. వాని బాకీ పదికి బదులు నూరు రూపాయలయినా తీరుతుంది, లక్ష అయినా తీరుతుంది. నూరు రూపాయలకు పట్టే ఏండ్ల సంఖ్య రాయవలెనంటే 44 అంకెలు కావలెను, అంతే భేదం. ఇద్దరిలో ఎవరు నమ్మదగినవాడని అడిగితే గణితం రెండవవానిని చూపుతుంది. అంగడి మాత్రం మొదటివానిని చూపుతుంది. వాడు పది సంవత్సరాలలో, అర పైసకు లోపు తప్ప, రెండు రూపాయలూ ఇచ్చివేస్తాడు గదా!

ఈ వేళాకోళపు లెక్కలో దాగినది గణితశాస్త్రంలో ఒక పెద్ద ప్రశ్న. అంతులేని పద్దులను కూడితే మొత్తం ఎంత? అసలు మొత్తమనేది ఉంటుందా? ఇటువంటి అంతులేని కూడికకు అనంతశ్రేణి అని పేరు.

ఇక్కడ ఒక మాట ముందుగా స్పష్టం చేసుకొనవలెను. అంతులేని పద్దులను ఎవ్వరూ కూర్చుండి కూడలేరు. అందువల్ల అనంతశ్రేణికి “మొత్తం” అన్నమాటను వేరే అర్థంలో వాడుతారు. ప్రతి పద్దు తరువాత అప్పటివరకు వచ్చిన నిల్వ రాసుకొంటూ పోవలెను. ఆ నిల్వలు ఒక అంకెకు దగ్గరవుతూ ఉండవలెను. ఎంత చిన్న తేడా అడిగినా సరే, పైస గాని, పైసలో వెయ్యోవంతు గాని, ఏదో ఒక పద్దు దాటిన తరువాత నిల్వలన్నీ ఆ తేడాకు లోపలనే ఉండిపోవలెను. అప్పుడు ఆ అంకె ఆ శ్రేణికి మొత్తం. మొదటి బాకీదారు శ్రేణికి మొత్తం 2. రెండవవాని శ్రేణికి మొత్తం లేదు; నిల్వ నత్తనడక నడిచినా ఏ హద్దు దగ్గరా ఆగదు. ఈ నిర్వచనాన్ని ఫ్రెంచి గణితవేత్త కోషీ 1821లో తన పాఠ్యగ్రంథంలో నిలకడగా అమర్చినాడు. అంతకు పూర్వం రెండువేల ఏండ్లుగా జనులు అనంతశ్రేణులను కూడుతూనే ఉన్నారు. కొన్నిచోట్ల దిద్దుకోలేని తప్పులు చేస్తూనే ఉన్నారు కూడ.

కూడిక సరిగా కుదిరే శ్రేణికి ఇంటిలో చూపదగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. ముగ్గురు పిల్లలకు ఒక పెద్ద బర్ఫీ బిళ్ల పంచిపెట్టవలెను. తల్లి దానిని నాలుగు సమభాగాలు చేసి, తలా ఒకటి ఇచ్చి, నాలుగవ ముక్క చేతిలో ఉంచుకొన్నది. పిల్లలు దానిమీద పేచీ పెట్టినారు. ఆమె ఆ ముక్కను మళ్లీ నాలుగు చేసి, తలా ఒకటి ఇచ్చి, ఒకటి మిగుల్చుకొన్నది. మళ్లీ పేచీ, మళ్లీ నాలుగు ముక్కలు. ఇట్లా సాగితే ఒక్కొక్క పిల్లవానికి వచ్చేది బిళ్లలో నాలుగోవంతు, దానిపై పదహారోవంతు, దానిపై అరవైనాలుగోవంతు, ఈ వరుసన. ముగ్గురికీ సమానంగా అందుతున్నది, తల్లి చేతిలో మిగిలేది సున్నకు దిగిపోతున్నది. కనుక ఒక్కొక్కరి వాటా మూడోవంతు తప్ప మరొకటి కావడానికి వీలులేదు. పాతికలో పాతిక చొప్పున దిగే శ్రేణి మొత్తం మూడోవంతు అని కాగితం, కలం లేకుండానే తేలినది.

ఈ పాతికల శ్రేణికి గొప్ప చరిత్ర ఉన్నది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో సిరక్యూజ్ నగరవాసి ఆర్కిమిడీజ్ పరవలయపు ఖండం వైశాల్యం కనుక్కొన్నది దీనితోనే. ఆ ఖండంలో ఒక త్రిభుజం ఇమిడ్చి, మిగిలిన చోట చిన్న త్రిభుజాలు ఇమిడ్చి, ఇంకా మిగిలినచోట మరీ చిన్నవి ఇమిడ్చితే, ప్రతి విడతలోని వైశాల్యం ముందటి విడతలో నాలుగోవంతు అవుతుంది. మొత్తం, మొదటి త్రిభుజానికి ఒకటింబాతిక కాదు, ఒకటీ మూడోవంతు.

ఇదే శ్రేణి పదకొండు వందల ఏండ్ల తరువాత భారతదేశంలో జైనాచార్యుని చేతిలో కనపడుతుంది. షట్ఖండాగమానికి ధవళ అనే బృహద్వ్యాఖ్య రాసిన వీరసేనాచార్యులు 8, 9 శతాబ్దులలో ఉన్నవారు. ఆయనకు ఎదురైన ప్రశ్న లోకాకారాన్ని గురించినది. లోకం ఘనపరిమాణం 343 ఘనరజ్జువులని సంప్రదాయం. లోకం గుండ్రని మృదంగాల వలె ఉన్నదని ఒక మతం. ఆ మతం నిలుస్తుందా? వీరసేనాచార్యులు వాదానికి దిగక లెక్కకు దిగినారు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే గుండ్రని ఘనం పరిమాణం ఎంతో తెలిసితే తగవు తీరిపోతుంది. ఆయన ఆ ఘనం నడుమనుండి నిలువు స్తంభం వంటి భాగాన్ని ఊహలో తీసివేసి, మిగిలినదానిని నిలువునా చీల్చి పరచినారు. పరచినదానిని ముక్కలు కోసి, కుదిరిన ముక్కలను ఒకదానిపై ఒకటి అమర్చి కొలిచినారు. అమరని కొసముక్కలను మళ్లీ అదే తీరున కోసినారు. ప్రతి విడతలో వచ్చేది ముందటి విడతలో నాలుగోవంతు. కోత ఎన్నటికీ ముగియదు, మొత్తం మాత్రం ముగుస్తుంది. ఆ విధంగా కట్టిన లెక్కలో గుండ్రని లోకానికి 343లో సగం కూడ రాలేదు. గుండ్రని మృదంగ మతాన్ని ఆయన అంతటితో తోసివేసినారు. ధర్మశాస్త్ర చర్చలో అనంతశ్రేణి సాక్షిగా నిలిచిన సందర్భాలు లోకంలో అరుదు.

జైనగ్రంథకర్తలకు అనంతమనే మాటతో చిరపరిచయం ఉన్నది. వారు సంఖ్యలను సంఖ్యాతం, అసంఖ్యాతం, అనంతం అని మూడు తరగతులు చేసి, మళ్లీ వాటిలో ఉపభేదాలు చెప్పినారు. మిక్కిలి పెద్దది వేరు, అంతులేనిది వేరు అన్న వివేకం అందులో ఉన్నది. అనుయోగద్వార సూత్రంలో శీర్షప్రహేళిక అనే కాలమానం కలదు. 84 లక్షలను 28 సార్లు వరుసగా గుణించితే వచ్చే సంఖ్య అది. రాయడానికి 194 అంకెలు కావలెను. దానిముందు రెండవ బాకీదారు నూరు రూపాయలకు అడిగిన 44 అంకెల గడువు చాల చిన్నది. కొండంత సంఖ్యయినా లెక్కకు వచ్చేదే కదా. గుమాస్తా పొరపాటు అక్కడనే ఉన్నది. “చాలకాలం పడుతుంది” అన్నదానిని “ఎన్నటికీ కాదు” అనుకొన్నాడు.

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యులు రచించిన గణితసారసంగ్రహంలో శ్రేణుల మొత్తాలకు చక్కని సూత్రాలున్నాయి. అవి అంతుగల శ్రేణులే. ఏటేటా రెట్టింపయ్యే ధనం వంటివి. తెలుగువారికి ఆ గ్రంథం పరాయిది కాదు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. మల్లన శివభక్తుడు గనుక ఉదాహరణలలో జినాలయం వచ్చినచోట శివాలయం పెట్టుకొన్నాడు. లెక్కకు దేవుడు మారినా జవాబు మారలేదు. మూలగ్రంథాన్ని రంగాచార్యులవారు ఆంగ్లానువాదంతో పరిష్కరించగా మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం 1912లో ప్రకటించినది.

రెండవ బాకీదారు బాకీ తప్పక తీరుతుందని ఎట్లా తెలియును? 14వ శతాబ్ది నడుమ ఫ్రాన్సుదేశంలో నికోల్ ఒరెమ్ అనే మతాచార్యుడు చెప్పిన యుక్తి ఇప్పటికీ అందరికంటె తేలిక. వాని జమలను జట్లు జట్లుగా కట్టవలెను. మూడోవంతు, నాలుగోవంతు ఒక జట్టు. మూడోవంతు నాలుగోవంతుకంటె పెద్దది గనుక, ఆ జట్టు రెండు నాలుగోవంతులకంటె, అనగా అర్ధరూపాయికంటె, ఎక్కువ. తరువాత ఐదోవంతు మొదలు ఎనిమిదోవంతు వరకు నాలుగు పద్దులు ఒక జట్టు. అదీ నాలుగు ఎనిమిదోవంతులకంటె ఎక్కువ, అనగా అర్ధరూపాయి మించినది. తరువాత ఎనిమిది పద్దులు, తరువాత పదహారు పద్దులు. జట్టు పెద్దదవుతుంది, కాని ప్రతి జట్టూ అర్ధరూపాయి తెస్తుంది. అర్ధరూపాయలు ఎన్ని కావలెనంటే అన్ని వస్తున్నప్పుడు ఏ బాకీ అయినా తీరక ఏమవుతుంది?

పద్దులు చిన్నవై సున్నకు దిగుతున్నవి గనుక మొత్తం ఎక్కడో ఒకచోట ఆగుతుందని అనుకోవడం సహజం. ఇద్దరు బాకీదారుల జమలూ సున్నకే దిగుతున్నవి. ఒకటి ఆగినది, ఒకటి ఆగలేదు. తరుగుతున్నదా అని అడిగితే చాలదు, ఎంత త్వరగా తరుగుతున్నదని అడగవలెను.

వడ్డీ తెలిసినవారికి మరొక శ్రేణి ముచ్చటగా ఉంటుంది. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ అనుకొనవలెను. (ఇంత వడ్డీ తీసుకొనేవారు ఈ సంచిక చదువరులలో లేరని నమ్మవలెను.) ఏడాది చివర ఒకేసారి కడితే రెండు రూపాయలు. ఆరునెలలకొకసారి అసలులో కలిపితే 2.25. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపితే 2.71. గంటగంటకు, నిమిషనిమిషానికి కలిపితే ధనం అంతులేకుండా పెరుగునా? 17వ శతాబ్ది చివర స్విట్జర్లాండు గణితవేత్త జాకబ్ బెర్నూలీ ఈ ప్రశ్న వేసుకొని, పెరగదని తేల్చినాడు. అసలు ఒక రూపాయి; దానిమీద వడ్డీ ఒక రూపాయి; ఆ వడ్డీమీద వడ్డీ అర్ధరూపాయి; దానిమీది వడ్డీ ఆరోవంతు; దానిమీది వడ్డీ ఇరవైనాలుగోవంతు. ఈ పద్దులు అతి త్వరగా చిన్నవవుతాయి. మొత్తం 2.71828 దగ్గర నిలుస్తుంది. క్షణక్షణం వడ్డీ లెక్కకట్టే అత్యాశాపరుడు రోజువారీ షావుకారుకంటె రూపాయికి అర పైసైనా ఎక్కువ సంపాదించలేడు.

ఇంతవరకు అన్నీ జమ పద్దులే. జమ, ఖర్చు కలిసిన శ్రేణులలో వింతలు మరికొన్ని ఉన్నవి. కేరళదేశంలో సంగమగ్రామ మాధవుడు 14వ శతాబ్దిలో అటువంటి శ్రేణితో వృత్తపరిధి కనుక్కొన్నాడు. ఒకటి జమ, మూడోవంతు ఖర్చు, ఐదోవంతు జమ, ఏడోవంతు ఖర్చు. ఈ వరుసకు నిల్వ, వ్యాసం ఒకటైన వృత్తపు పరిధిలో నాలుగోవంతు. ఐరోపాలో లైబ్నిజ్ దీనిని కనుక్కొన్నది 1670 తరువాతనే. 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో దీని ఉపపత్తి ఉన్నది. శ్రేణి సత్యమే కాని మహా మందకొడి. పది పద్దులు కూడి నాలుగింతలు చేస్తే వచ్చేది 3.0418, కావలసినది 3.1416. మాధవుని సంప్రదాయంవారు ఇంకా వేల పద్దులు కూడుతూ కూర్చోలేదు. మిగిలిన పద్దులన్నిటికీ బదులుగా ఒక సవరణ పద్దు రాసినారు. పది పద్దుల తరువాత ఆ సవరణ నలభయ్యోవంతు. అది కలిపి నాలుగింతలు చేస్తే 3.1418. ఇంకొంచెం నయమైన సవరణ కూడ వారివద్ద ఉన్నది, దానితో 3.14159 వరకు సరిపోతుంది. రాబోయే అనంతమైన పద్దులను ఒక్క పద్దులోకి కుదించడం మంచి గుమాస్తాలకు కూడ అసూయ పుట్టించే పని.

ఇక వ్యాపారస్థునికి నిద్రపట్టనీయని శ్రేణి ఒకటి ఉన్నది. ఒక ఖాతాలో రూపాయి జమ, సగం ఖర్చు, మూడోవంతు జమ, నాలుగోవంతు ఖర్చు, ఇట్లా అంతులేకుండా పద్దులున్నవి. మొదటి గుమాస్తా ఆ వరుసనే రాసి, నిల్వ 69 పైసల చిల్లర అని తేల్చినాడు. అది నిజమే. రెండవ గుమాస్తా అవే పద్దులను ఒక జమ, రెండు ఖర్చులు చొప్పున రాసినాడు: రూపాయి జమ, సగం ఖర్చు, నాలుగోవంతు ఖర్చు, మూడోవంతు జమ, ఆరోవంతు ఖర్చు, ఎనిమిదోవంతు ఖర్చు, ఐదోవంతు జమ, పదోవంతు, పన్నెండోవంతు ఖర్చు. ఒక్క పద్దు వదలలేదు, ఒక్కటి రెండుసార్లు రాయలేదు. కాని వాని నిల్వ 34 పైసల చిల్లర! సరిగా సగం.

దొంగలెక్క ఎక్కడ? ఎక్కడా లేదు. రూపాయిలో సగం పోతే సగం. మూడోవంతులో ఆరోవంతు పోతే ఆరోవంతు. ఐదోవంతులో పదోవంతు పోతే పదోవంతు. అప్పుడు ఖాతాలో మిగిలేవి సగం జమ, నాలుగోవంతు ఖర్చు, ఆరోవంతు జమ, ఎనిమిదోవంతు ఖర్చు. ఇవి మొదటి గుమాస్తా పద్దులలో ఒక్కొక్కటి సగం చేసినవి. పద్దులన్నీ సగమైతే నిల్వ కూడ సగమే గదా. జర్మనుదేశపు రీమాన్ 1854లో రాసిన వ్యాసంలో ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. ఇటువంటి ఖాతాలో పద్దుల వరుస మార్చి ఏ నిల్వ కావలెనంటే ఆ నిల్వ తేవచ్చునని నిరూపించినాడు. కారణం మరీ గూఢమైనది కాదు. ఈ ఖాతాలో జమలు మాత్రమే కూడితే హద్దులేదు. ఖర్చులు మాత్రమే కూడినా హద్దులేదు. రెండు అంతులేని సంచులలోనుండి దేనిని ముందు తీస్తారన్నదానిపై నిల్వ ఆధారపడుతుంది. జమల మొత్తం విడిగా, ఖర్చుల మొత్తం విడిగా తేలే ఖాతాలో మాత్రం ఏ వరుసన రాసినా నిల్వ మారదు. అంగడి ఖాతాలన్నీ అంతుగలవే గనుక అక్కడ ఈ భయం లేదు.

ఇంతకంటె తుంటరిది ఇంకొకటి: రూపాయి జమ, రూపాయి ఖర్చు, రూపాయి జమ, రూపాయి ఖర్చు. నిల్వ ఒకసారి ఒకటి, ఒకసారి సున్న. ఇటలీదేశంలో గ్రాండీ అనే క్రైస్తవ సన్యాసి 18వ శతాబ్ది ఆరంభంలో దీనికి నిల్వ అర్ధరూపాయి అన్నాడు. అందుకు ఉపమానం చెప్పినాడు. తండ్రి ఒక అమూల్యమైన రత్నం విడిచిపోయినాడు, అమ్మరాదని శాసనం. ఇద్దరు అన్నదమ్ములు ఒక ఏడు ఒకరి ఇంట, మరుసటి ఏడు రెండవవారి ఇంట ఉంచుకొనేటట్లు ఒప్పుకొన్నారు. ఈ ఏర్పాటు తరతరాలు సాగితే ఒక్కొక్కరిది సగం రత్నం కాదా అని ఆయన అడిగినాడు. లైబ్నిజ్‌కు ఈ ఉపమానం నచ్చలేదు. సగమన్న జవాబును మాత్రం వేరే దారిన సమర్థించినాడు. కోషీ నిర్వచనం ప్రకారం దీనికి మొత్తమే లేదు. ఉమ్మడి ఆస్తి తగవులు చూసినవారు కోషీ పక్షమే వహిస్తారేమో!

మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో 1912లో గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజన్, మరుసటి ఏడు ఫిబ్రవరిలో కేంబ్రిడ్జికి హార్డీ పేర రాసిన ఉత్తరంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంతులేకుండా కూడితే రుణ పన్నెండోవంతు అని తెలిపినాడు. అన్నీ జమలే ఉన్న ఖాతాలో అప్పు తేలినదన్నమాట. తనకు పిచ్చాసుపత్రి దారి చూపుతారేమోనని ఆయనే ఆ ఉత్తరంలో నవ్వినాడు. అది కోషీ అర్థంలో మొత్తం కాదు. మొత్తమన్న మాటకు వేరొక నియమం పెట్టుకొంటే వచ్చే విలువ. ఆ నియమం గణితంలో ఎంతో ఉపయోగపడుతుంది, చిట్టాలో పనికిరాదు.

చిట్టాలో నిజంగా పనికివచ్చే అనంతశ్రేణి శాశ్వతనిధి. ఒక కుటుంబం పెద్దల పేర పశుశాలకు ఏటా మహావీరజయంతినాడు 1,000 రూపాయల మేత ఇవ్వదలచినది. ఒక ఏడు కాదు, పది ఏండ్లు కాదు, ఎప్పటికీ. నూటికి 5 వడ్డీ వచ్చేచోట ఎంత సొమ్ము వేయవలెను? వ్యాపారస్థుడు ఏడాది వడ్డీ 1,000 రావలెనంటే 20,000 అని వెంటనే చెబుతాడు. ఆ జవాబు ఒక అనంతశ్రేణి మొత్తం. వచ్చే ఏటి వెయ్యికి నేడు వేయవలసినది 952 రూపాయల 38 పైసలు. రెండవ ఏటి వెయ్యికి 907 రూపాయల 3 పైసలు. మూడవ ఏటికి 863 రూపాయల 84 పైసలు. నూరవ ఏటి వెయ్యికి ఏడున్నర రూపాయల చిల్లర చాలును. రెండువందలవ ఏటి వెయ్యికి ఆరు పైసలకు లోపే. ఈ అంతులేని పద్దులన్నీ కలిసి 20,000. అందులో మొదటి నూరేండ్లకే 19,848 రూపాయలు పోతుంది. ఆపైన వచ్చే అనంతకాలమంతటికీ కావలసినది 152 రూపాయలు మాత్రమే!

ఇట్లా చూస్తే శాశ్వతత్వం అతి చవక. కాని ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. పశువులు రూపాయలు మేయవు, గడ్డి మేస్తాయి. గడ్డి ధర ఏటా పెరుగుతుంది. మేత ఖర్చు ఏటా నూటికి 3 చొప్పున పెరుగుతుందనుకొంటే, మొదటి ఏటి వెయ్యి రెండవ ఏట 1,030, మూడవ ఏట 1,060 రూపాయల 90 పైసలు. ఇప్పుడు పద్దులు తరిగే వేగం తగ్గినది. ఈ శ్రేణి మొత్తం 20,000 కాదు, 50,000. ధర నూటికి 4 చొప్పున పెరిగితే లక్ష. నూటికి నాలుగున్నర అయితే రెండు లక్షలు. నూటికి 5 అయితే? ప్రతి ఏటి పద్దుకూ నేడు వేయవలసినది అదే 952 రూపాయల 38 పైసలు. పద్దు తరగదు. మొత్తం లేదు. కోటి వేసినా ఎప్పుడో ఒకనాడు నిధి అడుగంటుతుంది. వడ్డీ, ధరల పెరుగుదల ఈ రెంటికీ నడుమ ఉండే సందు ఎంతో, శాశ్వతమన్న మాటకు బలం అంత.

20,000 వేసి, ధరతోపాటు మేత ఖర్చు కూడ పెంచుకొంటూ పోయిన కుటుంబం నిధి ఎన్నాళ్లు నిలుస్తుంది? నూటికి 5 వడ్డీ, నూటికి 3 ధరపెరుగుదల అయితే 26 ఏండ్లు మేత నిండుగా అందుతుంది. 27వ ఏట సొమ్ము చాలదు. దాత మనుమడు పెద్దవాడయ్యేలోపలనే శాశ్వతం ముగిసినది. ఖర్చు పెంచక ఏటా వెయ్యే ఇస్తే నిధి ఉంటుంది, గడ్డి తగ్గిపోతుంది. పాత ధర్మనిధులెన్నో ఈ రెండవ దారిన పోయినవే. రాతిపలకపై పేరు చెక్కుచెదరదు, దానికింద వచ్చే వడ్డీ ఒక పూట మేతకు చాలదు.

పూర్వకాలపు దాతలు ఈ చిక్కును ఎరిగినట్లే ఉన్నారు. తమిళదేశపు చోళశాసనాలలో ఒక అఖండదీపానికి 90 గాని, 96 గాని గొర్రెలను ఇచ్చినట్లు పదేపదే కనపడుతుంది. వాటిని చావని, ముదియని గొర్రెలని పిలిచినారు. చచ్చినవాటి స్థానంలో పుట్టిన పిల్లలు వచ్చి మందలో లెక్క తగ్గదు. మంద తీసుకొన్న కాపరి రోజుకు ఒక ఉళక్కు కొలత నెయ్యి దీపానికి పోయవలెను. కాసు ధర ఎంతయినా, నెయ్యి ధర ఎంతయినా కొలత మారదు. ధర పెరుగుదల అనే పద్దునే ఆ ఏర్పాటులోనుండి తీసివేసినారు.

గొర్రెల మందలు ఇవ్వలేని కుటుంబానికి కూడ దారి ఉన్నది. 20,000 నిధిమీద మొదటి ఏటి వడ్డీ 1,000. అందులో నూటికి 3 చొప్పున అసలు పెరగడానికి కావలసిన 600 ముందుగా అసలులో కలిపివేసి, 400 మాత్రమే మేతకు ఇవ్వవలెను. పశుశాలవారు మొదట కొంత నిరాశపడతారు. రెండవ ఏట అసలు 20,600, వడ్డీ 1,030, మేతకు 412, అసలుకు 618. మూడవ ఏట అసలు 21,218. మేతకు 424 రూపాయల 36 పైసలు. మొదటి ఏట ఎన్ని మోపుల గడ్డి వచ్చినదో, ధర నూటికి మూడుకు మించి పెరగనంతవరకు ఏటేటా కనీసం అన్ని మోపులే వస్తాయి.